కుప్పం కారుకు మూడు బొక్కలు

రెండంగుళాల బొక్కలు మూడు పెట్టబోయి, కుదిరిన పెళ్లిని చేజేతులా ఊడగొట్టుకోబోయిన మనిషిని మీరు ఇంతకు ముందు చూసి ఉండరు. ఇదిగో, చూసుకోండి. ముందే చెప్తున్నాను, ఈ కథలో నేను తెలివిగా ప్రవర్తించే ఘట్టం ఒక్కటి కూడా రాదు. వస్తుందేమోనని చివరిదాకా ఎదురుచూసి తర్వాత నన్ను అనవద్దు.

మాది మదనపల్లెలో హార్డ్‌వేర్ అంగడి. మా నాయన పెట్టాడు, నేను డిగ్రీ అయిపోగొట్టుకుని వచ్చి గల్లాపెట్టె వెనక కూర్చున్నాను. తొంభైల్లో మాట. తంబళ్లపల్లె నుంచి బోరు మోటారుకు బోల్టులు కావాలన్నా, నిమ్మనపల్లె నుంచి తలుపుకు కీళ్లు కావాలన్నా మా దగ్గరికే వచ్చేవాళ్లు. ఎవరైనా "రెంటిలో ఏది మంచిదప్పా?" అని అడిగితే, నేను చేతికొకటి పట్టుకుని, కళ్లు సగం మూసి, ఇరవై ఏళ్లు దానితోనే పొట్టపోసుకున్నవాడిలా చెప్పేవాణ్ణి. ఈ ఆకురాయి పట్టు వేరు, ఆ డ్రిల్లు బిట్టు జాతి వేరు. వినేవాళ్లు తల ఊపేవాళ్లు. నిజం చెప్పాలంటే, అప్పటికి నా జీవితంలో నేను కోసినవి రెండే. గోళ్లు, టమోటాలు.

ఇరవై ఆరో ఏట నాకు కుప్పం సంబంధం కుదిరింది. పిల్ల పేరు వసంత. వాళ్ల నాన్న నారాయణప్ప చింతపండు వ్యాపారి, మాట తక్కువ, మీసం ఎక్కువ. వసంతను చూసి వచ్చిన రోజు నుంచి నేను గల్లాపెట్టె తాళం ఎక్కడ పెడుతున్నానో నాకే తెలిసేది కాదు. ఆ అమ్మాయి అంటే అంత ఇష్టం పుట్టుకొచ్చింది. తాంబూలాలు మార్చుకోవడానికి రోజు కూడా పెట్టుకున్నారు, గురువారం, మా ఇంట్లో.

కాకపోతే ఒక చిక్కు. వసంతకు రవి అని ఒక మేనమామ. వాళ్లమ్మ కమలమ్మకు ఆఖరి తమ్ముడు, కుప్పంలోనే ఆఫీసు గుమస్తా, తెల్లచొక్కా మీద మరక పడని మనిషి. మా పక్క మేనకోడలంటే మొదటి హక్కు మేనమామదే. వసంతను రవికే ఇవ్వాలని కమలమ్మ ఎన్నేళ్లుగానో అనుకుంది. ఎత్తుకుని ఆడించినాయన్ను చేసుకోనని వసంత తెగేసి చెప్పింది కాబట్టి బయటి సంబంధం చూశారు. కమలమ్మ సరేనన్నది గానీ, ఆ సరేలో సగం ప్రాణమే ఉంది. నేను ఎక్కడైనా జారితే ఎత్తి పక్కన పెట్టడానికి ఆమె సిద్ధంగా ఉందని నాకూ తెలుసు.

జారడానికి వారం ముందు నారాయణప్ప మా అంగడికి వచ్చాడు. ఆయనకు ఒక నల్ల కారు ఉండేది. కంపెనీ పేరెందుకు గానీ, అప్పట్లో మన రోడ్ల మీద కనపడే రెండు మూడు రకాల్లో ఒకటి. డ్యాష్‌బోర్డు అంతా గట్టి రేకు. ఆ కారును ఆయన తుడిచేటప్పుడు చూడాలి, పసిపిల్లకు నీళ్లుపోసినట్టే. ఆ రోజు కారు మా అంగడి ముందు ఆగి, బానెట్టు సందుల్లోంచి పొగలు కక్కుతోంది.

"పొంగిపోయిందప్పా," అన్నాడు తుండుతో మెడ తుడుచుకుంటూ. "వి.కోట దాటినప్పుడు ఒకతూరి, పుంగనూరు కాడ ఒకతూరి. ఇంజను వేడెక్కేది నాకెట్ల తెలస్తాది? తాంబూలాల దినం ఆడోళ్లను కూసోబెట్టుకొని వచ్చేటప్పుడు ఇట్లయితే రోడ్డు మీద మర్యాదేముంటాది?"

"మీటర్లు పెట్టిస్తే సరి మామా. వేడికొకటి, ఆయిలుకొకటి, బ్యాటరీకొకటి. మూడు."

"అదే నేనూ అనుకుంటాండా. కానీ డ్యాష్‌బోర్డు రేకును కోసి పెట్టాల గద. ఎవురి చేతిలో పెడితే ఏం సేస్తారో అని భయం."

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ క్షణంలో నేను నోరు మూసుకుని ఉంటే, మీరు ఇప్పుడు వేరే ఏదో చదువుకుంటూ ఉండేవాళ్లు.

"మామా, నేనుండాను గదా," అన్నాను. "సామాన్లన్నీ మన అంగట్లోనే ఉండాయి. ఆదివారం వచ్చి నేనే కోసి పెడతాను."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నీకొస్తాదా?"

"ఇంత హార్డ్‌వేర్ పెట్టుకొని రాకుంటే ఎట్ల మామా?"

ఆయన మీసం కొంచెం కదిలింది. సంతోషమనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే ఒక గోనెసంచి నిండా సామాన్లు వేసుకుని బస్సెక్కాను. డ్రిల్లు మిషను, బిట్లు, రేకు కత్తెర, ఉలి, సుత్తి, ఆక్సా బ్లేడు, మూడు రకాల ఆకురాళ్లు, తలుపులకు తాళం బొక్క పెట్టే గుండ్రటి రంపం. రేకుకు ఏది పనికొస్తుందో తెలియనప్పుడు అన్నీ తీసుకుపోవడం ఉత్తమమని నా సిద్ధాంతం. కండక్టరు సంచి ఎత్తి చూసి, "బావి తవ్వను పోతాండావా?" అన్నాడు.

దారిలో పుంగనూరులో దిగాను. అక్కడ లేత్ మిషను పెట్టుకున్న గంగులప్ప మా అంగడికి పాత ఖాతాదారు. అరవై ఏళ్ల మనిషి, ఇనుముతో తప్ప మనుషులతో ఎక్కువ మాట్లాడడు. నా గొప్ప ఎవరికైనా చెప్పుకోవాలి కదా, అందుకు ఆగాను. ఆయన సంచిలోంచి గుండ్రటి రంపం తీసి, పళ్లు వేలితో తడిమాడు.

"ఇది సెక్కకప్పా. రేకు మీద పెడితే పండ్లు రాలిపోతాయి."

"మెల్లిగా కోస్తే?"

"మెల్లిగా రాలిపోతాయి." లోపలికి పోయి తన రంపం ఒకటి తెచ్చాడు. "ఇది ఇనుముకు. ఇది ఎత్తుకోని పో. ముందు అట్టముక్కకు బొక్క పెట్టి, దాంట్లో మీటరు కూసుంటాదా లేదా సూడు. కూసుంటే అప్పుడు రేకు ముట్టుకో. ఒక బొక్క పెట్టి, మీటరు పెట్టి సూసి, అప్పుడు రెండోది. బ్యాటరీ వైరు పీకేసినాకనే డ్రిల్లు పట్టుకో."

ఇంత వివరంగా నాకు ఎవరూ ఎప్పుడూ ఏదీ చెప్పలేదు. మరి నేనేం చేయాలి? రంపం తీసుకుని దండం పెట్టి పోవాలి. నేనేం చేశాను? హార్డ్‌వేర్ అంగడి పెట్టుకున్నవాడు లేత్ షాపులో సామాను అప్పు తీసుకుంటే పరువేం కావాలని, "వద్దులే గంగులప్పా, నాకు అలవాటే," అని బస్సెక్కాను.

గంగులప్ప బస్సు కదిలేదాకా వాకిట్లో నిలబడి చూస్తూనే ఉన్నాడు. వీడుకోలేమో అనుకుని చెయ్యి ఊపాను.

కుప్పంలో నాకు అల్లుడి మర్యాదలు మొదలయ్యాయి. ఉప్మా, దానిమీద నెయ్యి, స్టీలు లోటాలో కాఫీ. కారు వాకిట్లో పందిరి కింద పెట్టారు. నారాయణప్ప కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. రవి తెల్లచొక్కాతో గోడకానుకుని నిలబడ్డాడు. కిటికీలో వసంత ఉంది. ఇంత సభ కూడినాక, నేను గోనెపట్ట పరిచి సామాన్లన్నీ వరసగా పేర్చాను.

"ఏమప్పా, ఆపరేషన్ చేస్తాండావా?" అన్నాడు రవి.

"ప్రతి పనికీ ఒక సామానుంటాది," అన్నాను గంభీరంగా.

గుండ్రటి రంపం డ్రిల్లుకు బిగించి డ్యాష్‌బోర్డు మీద పెట్టాను. కీచుమని ఒక చప్పుడు లేచింది, పక్కింటి ఆవు తాడు తెంపుకుంది. అర నిమిషం తర్వాత చూస్తే రేకు మీద నెలవంక లాంటి గీత ఒకటి, రంపానికి పళ్లు లేవు. గంగులప్ప మెల్లిగా అన్నాడు గానీ, ఇవి చాలా తొందరగా రాలిపోయాయి.

"ఏమైందప్పా?" అన్నాడు నారాయణప్ప.

"ఇది ఊరికే గుర్తు పెట్టడానికి మామా."

తర్వాత రేకు కత్తెర. కత్తెర దూరాలంటే ముందే బొక్క ఉండాలి. బొక్క ఉంటే నాకు కత్తెర ఎందుకు? దాన్ని మర్యాదగా పక్కన పెట్టాను. తర్వాత ఉలి, సుత్తి. మొదటి దెబ్బకు రేకు తెగలేదు, లోపలికి సొట్ట పోయింది. నారాయణప్ప కుర్చీలోంచి సగం లేచి మళ్లీ కూర్చున్నాడు. ఆయన ముఖం మీదే సుత్తి పడ్డట్టు ఉంది.

"ఇంక అసలు పద్ధతి మొదలుపెడతాను," అన్నాను. అంతవరకూ చేసింది ఏ పద్ధతో ఎవరూ అడగలేదు, పెద్దమనుషులు.

అసలు పద్ధతి ఏమిటంటే, గుండ్రంగా గీత గీసి, గీత పొడుగునా చిన్న చిన్న బెజ్జాలు డ్రిల్లుతో వేసి, మధ్యముక్క తట్టి తీసేసి, ఆకురాయితో నున్నగా రాకడం. ఇది మంచి పద్ధతే. నాబోటివాడి చేతిలో పడటం దాని ఖర్మ. గీత గీయాలంటే కొలత కావాలి. నా గోనెసంచిలో లోకంలో ఉన్న సామానంతా ఉంది, ఒక్క కాంపాసు తప్ప.

అప్పుడు నా కంట్లో కాఫీ లోటా పడింది. ఊరికే చూద్దామని మీటరును లోటాలోకి దించాను. మీటరు ఒళ్లు లోపలికి దిగింది, దాని అంచు లోటా మూతి మీద చక్కగా కూర్చుంది. అచ్చు కొలిచి చేసినట్టు. నాకు ఒళ్లు పులకరించింది.

"చూసినారా మామా? కాంపాసు ఎందుకు దండగ. లోటా చాలు."

నారాయణప్ప కూడా వంగి చూసి, "పరవాలేదే," అన్నాడు. ఆ రోజంతటికీ నాకు దొరికిన మెచ్చుకోలు అదొక్కటే.

లోటాను డ్యాష్‌బోర్డు మీద బోర్లించి, దాని చుట్టూ పెన్సిలు తిప్పాను. ఒకటి, రెండు, మూడు. మూడు చక్కటి సున్నాలు. మీటరు కూర్చున్నది లోటా లోపల, నేను గీసింది లోటా బయట. స్టీలు లోటా మూతికి మడత ఉంటుంది, ఆ మడత లావు ఎంతో కాఫీ తాగే ప్రతి మనిషి పెదవికీ తెలుసు. నా బుర్రకు తెలియలేదు.

ఇంతలో లోపలినుంచి కమలమ్మ, "పన్నెండుకు కరెంటు పోతాది నాయనా. పోతే నాలుగుకే," అంది. టైము పదకొండున్నర. ఒక బొక్క పెట్టి మీటరు సరిచూసి రెండోది పెట్టమన్న గంగులప్ప మాట గుర్తొచ్చింది. కానీ కరెంటు పోతే డ్రిల్లు తిరగదు, ఆకురాయికి కరెంటు అక్కరలేదు. కాబట్టి కరెంటున్నప్పుడే మూడింటి బెజ్జాలూ వేసేస్తే, తర్వాత తీరిగ్గా రాక్కోవచ్చు. ఎంత ముందుచూపో గమనించండి.

డ్రిల్లు తిప్పాను. బెజ్జం తర్వాత బెజ్జం, సరిగ్గా గీత మీద, కొన్ని గీతకు అవతల. మూడో సున్నా సగంలో ఉండగా కారు హారన్ మోగడం మొదలైంది. నేను నొక్కలేదు. ఎవరూ నొక్కలేదు. డ్యాష్‌బోర్డు వెనక ఏదో వైరుకు నా బిట్టు తగిలింది.

"ఆపప్పా," అన్నాడు నారాయణప్ప.

"అదే ఆగిపోతాది మామా."

ఆగలేదు. వీధిలో ఇళ్లన్నిటి తలుపులూ తెరుచుకున్నాయి. ఎదురింటి ముసలాయన బస్సేదో వచ్చిందనుకుని చేతిసంచితో బయటికొచ్చాడు. ఇద్దరు ముగ్గురు పరుగెత్తుకొచ్చి, "ఎవురికేమైంది?" అంటే రవి నెమ్మదిగా, "ఏమీ లేదు, మా అల్లుడు మీటర్లు పెడతాండాడు," అన్నాడు. చివరకు ఆయనే బానెట్టెత్తి బ్యాటరీ వైరు పీకాడు. ఆ తెల్లచొక్కా మీద అప్పటికీ మరక పడలేదు. నా ఒంటిమీద మరక పడని చోటు లేదు.

అయినా పని ఆపలేదు నేను. మిగతా బెజ్జాలు వేశాను, కరెంటు పోయింది, మధ్యముక్కలు తట్టి తీశాను, గంటసేపు ఆకురాయితో రాకాను. బొక్కలు నున్నగా వచ్చాయి. నిజంగా అందంగా వచ్చాయి, కావాలంటే వసంతను అడగండి. వేడి చూపే మీటరు రెండు చేతుల్తో పట్టుకుని, అందరి వైపూ ఒకసారి చూసి, మొదటి బొక్కలో పెట్టాను.

మీటరు బొక్కలోంచి లోపలికి పోయి బ్రేకు పెడలు దగ్గర కింద పడింది.

నేను రెండోది తీసి రెండో బొక్కలో పెట్టాను. ఎందుకు పెట్టానో దేవుడికే తెలియాలి. అదీ పోయి మొదటిదాని పక్కనే పడింది.

"మూడోది కూడా ఏసెయ్ నాయనా," అంది కమలమ్మ గడపలోంచి. "అది మాత్రం యాల మిగలాల?"

నారాయణప్ప లేచి వచ్చి కారులో కూర్చున్నాడు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, మూడు బొక్కల్లోంచి లోపలున్న వైర్లను చాలాసేపు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆకురాయి పొడి పడినట్టు మొహం తిప్పుకున్నాను.

"ఇట్ల సూడప్పా గిరీ," అన్నాడు చివరకు. "గురువారం తాంబూలాలు. ఈ కార్లో నా బిడ్డను కూసోబెట్టుకొని మీ వాకిట్లో దిగాలని నా ఆశ. బుధవారానికి కారు బాగుపడితే వస్తాం. లేకపోతే…" అని ఆగాడు. "లేకపోతే సూద్దాం."

"సూద్దాం" అన్న మాటకు మా పక్క అర్థం మీకు తెలుసు. గోడకానుకున్న రవి వైపు కమలమ్మ చూసిన చూపు నేను చూశాను.

అప్పుడు కిటికీలోంచి వసంత మాట్లాడింది. అంతవరకూ నాతో ఆ అమ్మాయి నేరుగా మాట్లాడలేదు.

"పుంగనూరులో లేత్ ఆయన అన్నీ చెప్పినాడని పొద్దున కాఫీ తాగేటప్పుడు మా నాయనతో మీరే నగుతా చెప్తిరి గదా. ఆయన కాడికే పోండి. ఈతూరి ఆయన చెప్పినట్టు చేయండి. మీకు తోచినట్టు వద్దు."

నేను తలూపాను. పెళ్లికి ముందే మొదలైపోయింది.

హారన్ వైరుకు రవే టేపు చుట్టాడు. మూడు బొక్కల కారును నారాయణప్ప నాకు అప్పగించాడు. కూతుర్ని అప్పగించేటప్పుడు కూడా అంత దిగులు పడలేదు ఆ మనిషి. బయలుదేరబోతుంటే నాకు ఒక ఆలోచన వచ్చింది, ఆ బొక్కల మీద కొత్త రేకు ముక్క ఒకటి కప్పి, దానికి సరైన బొక్కలు పెడితే? మంచి రేకేదైనా ఇంట్లో ఉందా అని అడిగాను. కమలమ్మ అటకమీద నుంచి పెద్ద స్టీలు పళ్లెం ఒకటి దించి ఇచ్చింది. పండగలకు మైసూరుపాకు పోసి ముక్కలు కోసే పళ్లెం. ముందువైపంతా కత్తిగీతలు. వెనకవైపు పాకం కారి, అటకమీద పరిచిన న్యూస్‌పేపరు అంటుకుపోయి ఉంది.

"ఇది వాడం, ఎత్తుకోని పో," అంది.

గంగులప్ప కారు చూశాడు. బొక్కల్లో వేలు పెట్టి తిప్పాడు. "లోటానా, చెంబా?" అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఇనుముతో బతికినవాళ్లకు ఏం దాచగలం?

"లోటా," అన్నాను తల దించుకుని.

ఆయన పళ్లెం తిప్పి చూశాడు. "ముందుపక్క గీతలుండాయి. ఎనకపక్క పైకి పెడదాం. ఆ కాగితం తీయబాకు, దానిమీదనే గీసుకుంటాం. గీత కనపడతాది, రేకు మెరుగు సెడదు."

ఈసారి నేను పిల్లాడిలా విన్నాను. కాగితం ఊడిన చోట మైదాపిండి జిగురు పూసి అంటించాను. కాంపాసుతో గీశాను. అట్టముక్క కోసి మీటరు పెట్టి చూశాను, మూడు సార్లు చూశాను. గంగులప్ప తన రంపం బిగించాడు. ఒక్కో బొక్కకు పట్టింది రెండు నిమిషాలు. నేను ఆదివారం మొత్తం, ఒక రంపం, ఒక వీధి ప్రశాంతత ఖర్చుపెట్టి చేయలేని పని ఆయన బీడీ ఆరేలోగా చేశాడు. పళ్లెం అంచులు కత్తిరించి, డ్యాష్‌బోర్డు మీద కప్పి మరలు బిగించాం. మీటర్లు టక్కున కూర్చున్నాయి.

"కాగితం నేను తీయను," అన్నాను. "తాంబూలాల పొద్దున వాళ్లే నీళ్లతో తడిపి తీసుకుంటారు. కొత్త నగ లాగా ధగధగలాడాల."

బుధవారం సాయంత్రం కారు కుప్పంలో అప్పగించి, అందరికీ ఆ మాటే చెప్పి, తల ఎత్తుకుని బస్సెక్కాను. జీవితంలో మొదటిసారి జాగ్రత్తగా పనిచేశానని నా గర్వం.

గురువారం పదిన్నరకు నల్ల కారు మా వాకిట్లో ఆగింది. పొగ లేదు. ముందు సీట్లోంచి కుప్పం పంతులుగారు దిగారు, చేతిలో కాగితాలు. ఆయన నన్ను అంతకు ముందు చూడలేదు, నవ్వి పక్కకు తప్పుకున్నారు. వెనకనుంచి కమలమ్మ, వసంత దిగారు. వసంత కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. దగ్గరికి పోతే తెలిసింది, నవ్వు.

"ఒక్కతూరి కూడా పొంగలేదప్పా," అన్నాడు నారాయణప్ప. "ముల్లు బాగా చూపిస్తాంది, పైకి పోయినప్పుడంతా ఆపి సల్లారనిస్తిమి. అది సరేగానీ, నువ్వొచ్చి ఇట్ల సూడు."

తల లోపల పెట్టి చూశాను. స్టీలు రేకు అద్దంలా మెరుస్తోంది. మూడు మీటర్లు. మూడింటి కింద, సరిగ్గా మధ్యలో, చుక్కలు చుక్కలుగా కొట్టించిన పెద్ద అక్షరాలు.

"చి. వసంతకు ప్రేమతో – రవి."

పాత్రలు కానుకిస్తే అంగట్లో పేరు కొట్టించి ఇవ్వడం మనందరికీ అలవాటే కదా. వసంత పెద్దమనిషి అయినప్పుడు మేనమామ సారెలో పెట్టిన పళ్లెం అది. పాకం, న్యూస్‌పేపరు, దానిమీద నేను శ్రద్ధగా పూసిన మైదా, ఇన్నిటి కింద ఆ పేరు భద్రంగా పడుకుని ఉంది. కమలమ్మ తెలిసే ఇచ్చిందా అని నేను ఇప్పటికీ అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

"పొద్దున కాగితం తీసినంక కనపడింది," అన్నాడు నారాయణప్ప. "బయల్దేరే యాళకు ఏం సేస్తాం?"

సరే, కారులో ఉన్నది ఎవరు చూస్తారని సర్దుకున్నాను. ఎవరు చూశారో కాసేపట్లో తెలిసింది.

అందరూ చాపల మీద కూర్చున్నారు. పళ్లాల్లో పూలు, పండ్లు. బస్సులో వచ్చిన కుప్పం చుట్టాలు ఒకవైపు, వాళ్లలో తెల్లచొక్కాతో రవి. మావాళ్లు ఒకవైపు. పంతులుగారు గొంతు సవరించుకుని లగ్నపత్రిక విప్పారు. దారిలో వృథాగా కూర్చోవడమెందుకని కారులోనే పత్రిక రాసేశారట ఆయన. కుప్పం నుంచి మదనపల్లెదాకా కళ్ల ఎదురుగా ఒకటే రాత. గోత్రాలు, వంశాలు చదువుకుంటూ వచ్చి, గట్టిగా, స్పష్టంగా, "చిరంజీవి రవికి, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి వసంతనిచ్చి…" అన్నారు.

మా నాయన నా వైపు చూశాడు, నా పేరు మార్చుకున్నానా అన్నట్టు. పంతులుగారు కళ్లద్దాలు తీసి, "పేరు తప్పా? కారులో రాసే ఉండాదే," అన్నారు.

రవి గొంతు సర్దుకుని, "నాకేం అభ్యంతరం లేదప్పా. బట్టలు కూడా కొత్తవే," అన్నాడు. కుర్రకారు గొల్లున నవ్వారు. కమలమ్మ మాత్రం నవ్వలేదు. "శుభం పలికేటప్పుడు అయ్యగారి నోట ఆ పేరు వచ్చింది," అంది నెమ్మదిగా. "దేవుడే పలికిచ్చినాడేమో." పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు తలలు ఊపడం మొదలుపెట్టారు. మా అమ్మ చేతిలోని తమలపాకులు కింద పెట్టేసింది. నేను వసంత వైపు చూశాను. ఈసారి ఆ అమ్మాయి నవ్వడం లేదు, వాళ్ల నాన్న వైపే చూస్తోంది.

నారాయణప్ప లేచి నిలబడ్డాడు. మీసం మీద చెయ్యి వేశాడు.

"అయ్యా, ఆ పేరు కొట్టేసి గిరిబాబు అని రాయండి," అన్నాడు. "రవి మంచోడే. వాడు నా కారుకు ఏమీ సేయలేదు, వాన్నెందుకు శిక్షిస్తాం? నా కారుకు మూడు బొక్కలు పెట్టినోడు వీడు. వీన్ని ఊరికే ఇడిసిపెడతామా? బతుకంతా నా ముందర చేతులు కట్టుకొని నిలబడాల. పిల్లనిచ్చి కట్టేసుకుంటే తప్ప దొరకడు."

మా నాయన ముందు నవ్వాడు, తర్వాత ఇల్లంతా నవ్వింది, చివరకు కమలమ్మ కూడా. పంతులుగారు కొట్టేసి రాశారు. నా లగ్నపత్రికలో ఇప్పటికీ ఒక కొట్టివేత ఉంది.

ఆ రోజే, తాంబూలం పళ్లెం చేతిలో ఉండగా, అగ్నిసాక్షి కుదరక ట్యూబులైటు సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇనుము గానీ, ఇత్తడి గానీ, తగరం గానీ, స్టీలు గానీ, నా చేత్తో ఇక ఏ వస్తువుకూ బొక్క పెట్టను. ఎవరైనా పెడుతుంటే సలహా ఇవ్వను. చివరికి, కడుపున పుట్టిన బిడ్డలకు చెవులు కుట్టించేటప్పుడు కూడా పక్కవీధిలో నిలబడతాను.

నిలబడ్డాను కూడా. రెండుసార్లు.